సొంతంగా కంపైల్ చేసిన ఎవిన్స్: ప్రాపర్టీస్ తెరిస్తే సెగ్‌ఫాల్ట్, ప్రిఫరెన్స్ మారిస్తే ట్రాప్ (ఉబుంటు 24.04)

ప్రశ్న: గోదారి_కోడర్

అందరికీ నమస్కారం. ఎవిన్స్ పీడీఎఫ్ వ్యూయర్‌కి చిన్న ప్యాచ్ రాసుకుంటున్నాను. ఉబుంటు 24.04లో ఉన్నది 46 సిరీసే కాబట్టి అదే సిరీస్ సోర్స్ తీసుకున్నాను. మార్పులు రెండు:

డాక్యుమెంట్ ఇన్ఫో స్ట్రక్చర్ (ఈవీడాక్యుమెంట్‌ఇన్ఫో) చివర ఒక కొత్త స్ట్రింగ్ ఫీల్డ్ పెట్టాను. పీడీఎఫ్ బ్యాకెండ్ దాన్ని నింపుతుంది, ప్రాపర్టీస్ డైలాగ్ ఒక వరుసలో చూపిస్తుంది. రెండోది, ఆ వరుసను చూపాలా దాచాలా అని ఎంచుకోవడానికి జీసెట్టింగ్స్ స్కీమాలో (ప్రోగ్రామ్ సెట్టింగ్‌ల పేర్లు, రకాలు రాసి ఉండే ఫైల్) ఒక కొత్త కీ.

మీసన్, నింజా అనే బిల్డ్ పనిముట్లతో బిల్డ్ చేసింది ఇలా:

మీసన్ సెటప్ బిల్డ్ --ప్రిఫిక్స్=$హోమ్/ఎవి
నింజా -సి బిల్డ్ ఇన్‌స్టాల్

ఎర్రర్ ఒక్కటి కూడా రాలేదు. ఇక సమస్య:

1. ~/ఎవి/బిన్/ఎవిన్స్ నుంచి నడిపి ప్రాపర్టీస్ తెరిస్తే కొన్ని పీడీఎఫ్‌లకు సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ పడిపోవడం). కొన్నింటికి క్రాష్ కాదు కానీ కొత్త వరుస ఖాళీగా ఉంటుంది.

2. ఆ కొత్త ప్రిఫరెన్స్‌ను ముట్టుకుంటే చాలు, 'ట్రేస్/బ్రేక్‌పాయింట్ ట్రాప్ (కోర్ డంప్డ్)' అని పడిపోతోంది.

3. ఇన్‌స్టాల్ చేసినది కాకుండా బిల్డ్ ఫోల్డర్‌లోని బైనరీని నేరుగా నడిపితే మొదటి క్రాష్ రాదు. రెండోది మాత్రం అక్కడా వస్తుంది.

జీడీబీ (డీబగ్గర్) ఇచ్చిన బ్యాక్‌ట్రేస్, అంటే క్రాష్ వేళ ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందన్న వరుస, పై నుంచి ఇలా ఉంది: #0 __స్ట్రలెన్_ఏవీఎక్స్2, #1 జీ_స్ట్రడప్, #2 జీటీకే_లేబుల్_సెట్_టెక్స్ట్, #3 ప్రాపర్టీస్ వరుసలు నింపే నా ఫంక్షన్. డాక్యుమెంట్ లైబ్రరీ దగ్గర బ్రేక్‌పాయింట్ పెడదామంటే లైన్ నంబర్లు దొరకవు, ఆ ఫ్రేమ్‌లన్నీ '??' అనే చూపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? వాల్‌గ్రైండ్‌తో (మెమరీ తప్పులు పట్టే పనిముట్టు) నడపమంటారా?

---

జవాబు 1: సెగ్‌ఫాల్ట్_సేవకుడు

వాల్‌గ్రైండ్ దాకా ఇప్పుడే వెళ్లకండి. మీరు ఇచ్చిన మూడో పాయింట్‌లోనే సగం జవాబు ఉంది: ఒకే కోడ్, బిల్డ్ ఫోల్డర్‌లో బతుకుతోంది, ఇన్‌స్టాల్ చేశాక చస్తోంది. అంటే మొదట అనుమానించాల్సింది కోడ్‌ను కాదు, నడుస్తున్న ప్రాసెస్‌లోకి ఏ లైబ్రరీలు వచ్చాయన్నది.

జీడీబీలో క్రాష్ దగ్గర ఆగినప్పుడు ఇది కొట్టండి:

ఇన్ఫో షేర్డ్‌లైబ్రరీ

వచ్చే జాబితాలో లిబ్‌ఈవీడాక్యుమెంట్3.ఎస్ఓ.4, లిబ్‌ఈవీవ్యూ3.ఎస్ఓ.3 ఉన్న వరుసలు చూడండి. కుడి చివర పాత్ ఏముంది? /యూఎస్ఆర్/లిబ్ కింద ఉంటే అవి ఉబుంటు ప్యాకేజీవి, మీవి కావు. ఆ వరుసలో 'ఎస్' పక్కన బ్రాకెట్లలో నక్షత్రం గుర్తు కూడా ఉంటుంది. ఆ లైబ్రరీలో డీబగ్ సమాచారం లేదని దాని అర్థం. మీకు '??' కనిపించడానికి కారణం అదే: ప్యాకేజీ లైబ్రరీల నుంచి సింబల్స్ తీసేసి పంపుతారు. జీడీబీ మొదట్లో డీబగ్‌ఇన్ఫోడీ వాడాలా అని అడిగినప్పుడు అవునంటే సింబల్స్ దిగి నక్షత్రం మాయమవుతుంది. అందుకే నక్షత్రాన్ని కాదు, పాత్‌ను నమ్మండి.

బైనరీకి కావాల్సిన లైబ్రరీల జాబితా ఇచ్చే ఎల్‌డీడీతో కూడా చూడొచ్చు కానీ అది సగమే చెబుతుంది. ఎవిన్స్ పీడీఎఫ్ బ్యాకెండ్ (లిబ్‌పీడీఎఫ్‌డాక్యుమెంట్.ఎస్ఓ) ప్రోగ్రామ్ నడిచేటప్పుడు డీఎల్‌ఓపెన్‌తో లోడ్ అవుతుంది, ఎల్‌డీడీలో కనిపించదు. జీడీబీ లేకుండా చూడాలంటే ఎవిన్స్ తెరిచి ఉంచి:

గ్రెప్ -ఇ లిబ్‌ఈవీ -ఇ లిబ్‌పీడీఎఫ్‌డాక్యుమెంట్ /ప్రాక్/<పీఐడీ>/మ్యాప్స్

ఇంకొకటి, ఏ పరీక్షకైనా ముందు తెరిచి ఉన్న ఎవిన్స్ విండోలన్నీ మూసి, 'పీకిల్ ఎవిన్స్‌డీ' కొట్టండి. ఎవిన్స్‌కి డీ-బస్ (ప్రోగ్రామ్‌ల మధ్య సందేశాలు చేరవేసే వ్యవస్థ) మీద నడిచే ఒక డెమన్ (వెనక నడుస్తుండే ప్రోగ్రామ్) ఉంది. అదే పీడీఎఫ్ సిస్టమ్ ఎవిన్స్‌లో అప్పటికే తెరిచి ఉంటే మీ కొత్త బైనరీ ఆ పనిని పాత విండోకి అప్పగించి తను తప్పుకుంటుంది. మీరు మాత్రం కొత్తదాన్ని పరీక్షిస్తున్నానని అనుకుంటారు.

---

జవాబు 2: గోదారి_కోడర్

మీరన్నట్టే ఉంది. రెండు లైబ్రరీలూ, పీడీఎఫ్ బ్యాకెండ్ కూడా /యూఎస్ఆర్/లిబ్/ఎక్స్86_64-లినక్స్-గ్నూ కింద నుంచే వస్తున్నాయి. కానీ ఇన్‌స్టాల్ చేసింది ~/ఎవి లోకి కదా, అక్కడివి ఎందుకు తీసుకోదు? లైబ్రరీలు ముందు ఎక్కడ వెతకాలో చెప్పే వేరియబుల్‌ను ఎల్‌డీ_లైబ్రరీ_పాత్=~/ఎవి/లిబ్ అని ఇచ్చి చూశాను, అయినా అంతే.

---

జవాబు 3: సెగ్‌ఫాల్ట్_సేవకుడు

రెండు విషయాలు కలిశాయి.

మొదటిది మీసన్ పద్ధతి. బిల్డ్ ఫోల్డర్‌లోని బైనరీకి మీసన్ ఆర్‌పాత్ పెడుతుంది, అంటే 'నా లైబ్రరీలు ఈ ఫోల్డర్‌లో ఉన్నాయి' అన్న సంగతి బైనరీలోనే రాసి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాన్ని తీసేస్తుంది. బిల్డ్ ఫోల్డర్ పాత్ ఇన్‌స్టాల్ అయిన బైనరీలో మిగిలిపోకూడదని కావాలనే చేసిన ఏర్పాటు అది. మీరే పోల్చి చూడండి:

రీడెల్ఫ్ -డి బిల్డ్/షెల్/ఎవిన్స్
రీడెల్ఫ్ -డి ~/ఎవి/బిన్/ఎవిన్స్

మొదటిదాంట్లో రన్‌పాత్ (ఆర్‌పాత్‌కి కొత్త రూపం) వరుస ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. ఆ వరుస లేకపోతే లోడర్ (లైబ్రరీలను ప్రాసెస్‌లోకి తెచ్చే భాగం) సిస్టమ్ క్యాష్‌లో వెతుకుతుంది. అక్కడ అదే పేరుతో, అదే ఎస్ఓనేమ్‌తో (లైబ్రరీ లోపల రాసి ఉండే వెర్షన్ పేరు) ఉబుంటు లైబ్రరీ సిద్ధంగా ఉంది. పేరు కలిసింది కాబట్టి చడీచప్పుడు లేకుండా దాన్నే తెస్తుంది.

రెండోది, డెబియన్, ఉబుంటుల్లో మీసన్ లైబ్రరీలను ప్రిఫిక్స్/లిబ్‌లో కాక ప్రిఫిక్స్/లిబ్/ఎక్స్86_64-లినక్స్-గ్నూ లో పెడుతుంది. మీరు ఇచ్చిన ~/ఎవి/లిబ్‌లో నేరుగా ఏ ఎస్ఓ ఫైలూ లేదు, అందుకే మళ్లీ సిస్టమ్‌వే వచ్చాయి. సెటప్‌లో --లిబ్‌డిర్=లిబ్ అని ఇస్తే ఈ తలనొప్పి ఉండదు.

ఇక సెగ్‌ఫాల్ట్ ఎందుకన్నది. ప్రాపర్టీస్ డైలాగ్ కోడ్ మీ కొత్త బైనరీలో ఉంది, స్ట్రక్చర్ చివర కొత్త ఫీల్డ్ ఉందని దానికి తెలుసు. కానీ ఆ స్ట్రక్చర్‌కి మెమరీ కేటాయించింది పాత డాక్యుమెంట్ లైబ్రరీ, దాని లెక్కలో ఆ ఫీల్డే లేదు. మీ కోడ్ ఆ ఆఫ్‌సెట్ దగ్గర ఏ బైట్లుంటే వాటినే పాయింటర్ అనుకుని చదువుతుంది. అక్కడ సున్నాలుంటే జీటీకే_లేబుల్_సెట్_టెక్స్ట్ నల్‌ను ఖాళీ స్ట్రింగ్‌గా తీసుకుంటుంది, వరుస ఖాళీ. వేరే ఏదైనా ఉంటే స్ట్రలెన్ ఆ చిరునామాకు వెళ్లి పడిపోతుంది. కొన్ని పీడీఎఫ్‌లకే క్రాష్ రావడం వెనక ఉన్నది ఇదే, ఆ పీడీఎఫ్‌ల తప్పేమీ లేదు. క్రాష్ దగ్గర 'ఫ్రేమ్ 3' కొట్టి, 'ప్రింట్ *ఇన్ఫో' అనండి. మిగతా ఫీల్డులు సరిగ్గా ఉండి చివరిది మాత్రం అర్థంలేని చిరునామాగా కనిపిస్తుంది.

మీరు లైబ్రరీలో కొత్త ఫంక్షన్ చేర్చి ఉంటే ఇంత తిరిగే పని ఉండేది కాదు. 'సింబల్ లుకప్ ఎర్రర్: అన్‌డిఫైన్డ్ సింబల్' అని లోడరే చెప్పేసి ఎగ్జిట్ కోడ్ 127తో ఆపేసేది. స్ట్రక్చర్ పరిమాణం మారితే మాత్రం దాన్ని పట్టుకునే వాళ్లు ఎవరూ లేరు. సీ భాషలో లింకర్ సరిచూసేది పేర్లనే, ఆకారాలను కాదు.

---

జవాబు 4: స్కీమా_శాస్త్రి

రెండో క్రాష్ గురించి. సిగ్‌ట్రాప్ (మీరు చూసిన ట్రేస్/బ్రేక్‌పాయింట్ ట్రాప్) వచ్చిందంటే జీలిబ్‌లో (జీటీకే అనే విండోల లైబ్రరీకి ఆధారమైన లైబ్రరీ) ఎవరో జీ_ఎర్రర్ పిలిచారని దాదాపు ఖాయం. అది మెమరీ పాడై వచ్చే క్రాష్ కాదు, 'ఇక ముందుకు వెళ్లను' అని ప్రోగ్రామ్ తనంతట తాను ఆగిపోవడం. ఐకాన్ నొక్కి కాకుండా టెర్మినల్ నుంచి నడిపితే ట్రాప్‌కి ముందు ఒక వరుస వస్తుంది:

జీలిబ్-జీఐఓ-ఎర్రర్: సెట్టింగ్స్ స్కీమా 'ఆర్గ్.గ్నోమ్.ఎవిన్స్' డస్ నాట్ కంటెయిన్ ఎ కీ నేమ్డ్ '...'

స్కీమా దొరికింది, అందులో మీ కీ లేదు. ఎందుకంటే దొరికింది /యూఎస్ఆర్/షేర్/జీలిబ్-2.0/స్కీమాస్‌లోని ఉబుంటు స్కీమా. జీసెట్టింగ్స్‌కి ఆర్‌పాత్‌తో సంబంధం లేదు, అది ఎక్స్‌డీజీ_డేటా_డిర్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉన్న ఫోల్డర్లను వరుసగా చూస్తుంది. ~/ఎవి/షేర్ ఆ వరుసలో లేదు. అందుకే ఈ క్రాష్ బిల్డ్ ఫోల్డర్ నుంచి నడిపినా వస్తోంది.

అసలు స్కీమానే దొరకకపోతే 'ఈజ్ నాట్ ఇన్‌స్టాల్డ్' అనే ఇంకో సందేశం వస్తుంది. ఈ రెండింటినీ వేరుగా చూడాలి. 'ఇన్‌స్టాల్ కాలేదు' అంటే పాత్ అందలేదు. 'కీ లేదు' అంటే వేరే వెర్షన్ స్కీమా అడ్డొచ్చింది.

సరిచూడ్డానికి:

జీసెట్టింగ్స్ --స్కీమాడిర్ ~/ఎవి/షేర్/జీలిబ్-2.0/స్కీమాస్ లిస్ట్-కీస్ ఆర్గ్.గ్నోమ్.ఎవిన్స్

మీ కీ ఇందులో కనిపిస్తే పాత్ కలిపితే సరిపోతుంది. కనిపించకపోతే ఆ ఫోల్డర్‌లో జీస్కీమాస్.కంపైల్డ్ ఫైల్ ఉందో లేదో, దాని తేదీ ఏమిటో చూడండి. ఎక్స్ఎమ్ఎల్ ఫైల్ కాపీ అయితే చాలదు. జీలిబ్ చదివేది కంపైల్డ్ ఫైల్‌నే. మామూలుగా ఇన్‌స్టాల్ చివర్లో అది తనే తయారవుతుంది, కానీ డెస్ట్‌డిర్ (ఫైళ్లను తాత్కాలికంగా వేరే ఫోల్డర్ కింద పెట్టించే వేరియబుల్) పెట్టి ఇన్‌స్టాల్ చేస్తే ఆ మెట్టు జరగదు. అప్పుడు చేత్తో చేయాలి:

జీలిబ్-కంపైల్-స్కీమాస్ ~/ఎవి/షేర్/జీలిబ్-2.0/స్కీమాస్

---

జవాబు 5: సెగ్‌ఫాల్ట్_సేవకుడు

రెండూ కలిపి ఒక చిన్న స్క్రిప్ట్ పెట్టుకోండి, ~/నడుపు.ఎస్‌హెచ్ అని:

#!/బిన్/ఎస్‌హెచ్
పి=$హోమ్/ఎవి
ఎక్స్‌పోర్ట్ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్=$పి/లిబ్
ఎక్స్‌పోర్ట్ ఎక్స్‌డీజీ_డేటా_డిర్స్=$పి/షేర్:${ఎక్స్‌డీజీ_డేటా_డిర్స్:-/యూఎస్ఆర్/లోకల్/షేర్:/యూఎస్ఆర్/షేర్}
ఎగ్జెక్ "$@"

చివరి వరుస అలా రాయడం వల్ల అదే స్క్రిప్ట్ జీడీబీకి కూడా పనికొస్తుంది: '~/నడుపు.ఎస్‌హెచ్ జీడీబీ --ఆర్గ్స్ ~/ఎవి/బిన్/ఎవిన్స్ ఫైల్.పీడీఎఫ్'. మీ షేర్ ఫోల్డర్ ముందుండాలి, ఎందుకంటే మొదట దొరికినదే చెల్లుతుంది. ఈ ఎక్స్‌పోర్ట్ వరుసలను బాష్‌ఆర్‌సీలో మాత్రం పెట్టకండి. అక్కడ పెడితే ఆ టెర్మినల్ నుంచి నడిచే ప్రతి ప్రోగ్రామూ మీ ప్రయోగాల లైబ్రరీలు తీసుకుంటుంది, ఈసారి క్రాష్ వేరేచోట మొదలవుతుంది.

బిల్డ్ మళ్లీ ఇలా:

మీసన్ సెటప్ బిల్డ్ --వైప్ --ప్రిఫిక్స్=$హోమ్/ఎవి --లిబ్‌డిర్=లిబ్ --బిల్డ్‌టైప్=డీబగ్ -డి నాటిలస్=ఫాల్స్
నింజా -సి బిల్డ్ ఇన్‌స్టాల్

లిబ్‌డిర్ మారింది కాబట్టి పాత ~/ఎవి ఫోల్డర్‌ను ముందే తీసేయండి, లేదంటే పాత లైబ్రరీలు అక్కడే మిగులుతాయి. బిల్డ్‌టైప్ డీబగ్ అంటే ఆప్టిమైజేషన్ సున్నా, వేరియబుల్స్ అన్నీ కనిపిస్తాయి. డీబగ్‌ఆప్టిమైజ్డ్ అయితే -ఓ2 కాబట్టి మీరు చూడాలనుకున్న వేరియబుల్ దగ్గరే 'ఆప్టిమైజ్డ్ అవుట్' అని రావచ్చు. నాటిలస్ ఎక్స్‌టెన్షన్ మీ పనికి అక్కర్లేదు, ఫైల్ మేనేజర్‌ను ఇందులోకి లాగొద్దు.

ఎవరైనా 'సూడో పెట్టి /యూఎస్ఆర్ లోకే ఇన్‌స్టాల్ చెయ్, పాత్‌ల గొడవ ఉండదు' అంటే వినకండి. ఏపీటీ (ఉబుంటు ప్యాకేజీ మేనేజర్) పెట్టిన ఫైళ్ల మీద మీవి పడతాయి, తర్వాతి అప్‌డేట్‌కి కొన్ని తిరగరాయబడి మళ్లీ ఇదే కలగాపులగం. పైగా ఉబుంటులో /యూఎస్ఆర్/బిన్/ఎవిన్స్ కి యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ (ప్రోగ్రామ్ ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో కట్టడి చేసే నియమాలు) ఉంది. ఆ పాత్‌లో నడిస్తే మీ బైనరీకీ ఆ ఆంక్షలు పడి, ఫైళ్లు తెరవడం లేదంటూ ఇంకో కొత్త సమస్య వస్తుంది.

---

జవాబు 6: గోదారి_కోడర్

రెండు క్రాష్‌లూ పోయాయి. ఇన్ఫో షేర్డ్‌లైబ్రరీలో ఇప్పుడు మూడూ ~/ఎవి/లిబ్ నుంచే వస్తున్నాయి, కొత్త వరుసలో స్ట్రింగ్ కనిపిస్తోంది. చాలా థాంక్స్.

కానీ ఇప్పుడు కొత్తది. ప్రాపర్టీస్ తెరిచి, మూసి, డాక్యుమెంట్ మూసేస్తే అప్పుడప్పుడు 'ఫ్రీ(): డబుల్ ఫ్రీ డిటెక్టెడ్ ఇన్ టీక్యాష్ 2' (ఒకే మెమరీని రెండుసార్లు విడుదల చేశారు) అని వచ్చి సిగ్‌అబార్ట్. బ్యాక్‌ట్రేస్‌లో డాక్యుమెంట్ ఇన్ఫోను ఫ్రీ చేసే ఫంక్షన్ ఉంది. ఇది కూడా లైబ్రరీల తికమకేనా?

---

జవాబు 7: హీప్_హైదరాబాదీ

లైబ్రరీలు మూడూ మీవేనని తేలింది కాబట్టి ఈసారి ప్యాచ్‌నే చూడాలి. ఆ బ్యాక్‌ట్రేస్ చూపేది రెండో ఫ్రీ జరిగిన చోటు. మొదటి ఫ్రీ ఎక్కడ జరిగిందో జీడీబీ చెప్పలేదు, అడ్రస్ శానిటైజర్ (ఏశాన్: మెమరీ తప్పులు పట్టేలా కంపైలర్ చేర్చే తనిఖీ) చెబుతుంది. ఉన్న బిల్డ్‌ను కదపకుండా వేరే ఫోల్డర్‌లో, వేరే ప్రిఫిక్స్‌తో చేయండి:

మీసన్ సెటప్ బిల్డ్-ఏశాన్ --ప్రిఫిక్స్=$హోమ్/ఎవి-ఏశాన్ --లిబ్‌డిర్=లిబ్ --బిల్డ్‌టైప్=డీబగ్ -డి బి_శానిటైజ్=అడ్రస్ -డి ఇంట్రోస్పెక్షన్=ఫాల్స్ -డి నాటిలస్=ఫాల్స్

ఇంట్రోస్పెక్షన్ (వేరే భాషల నుంచి లైబ్రరీని వాడేందుకు దాని వివరాలు తయారుచేసే మెట్టు) ఆపకపోతే బిల్డ్ మధ్యలో ఆగిపోవచ్చు. ఆ మెట్టులో మీ లైబ్రరీతో ఒక తాత్కాలిక ప్రోగ్రామ్ కట్టి నడుపుతారు, శానిటైజర్ దానితో కుదరదు. నడిపేటప్పుడు స్క్రిప్ట్‌లో పి విలువ ఈ ప్రిఫిక్స్‌కి మార్చి, ఏశాన్_ఆప్షన్స్=డిటెక్ట్_లీక్స్=0 కూడా ఇవ్వండి. జీటీకే, ఫాంట్‌కాన్ఫిగ్ చివరిదాకా పట్టుకునే మెమరీ అంతా లీక్ అని వచ్చి అసలు రిపోర్ట్ అందులో మునిగిపోతుంది.

రిపోర్ట్‌లో మూడు స్టాక్‌లు వస్తాయి: ఇప్పుడు ఫ్రీ చేయబోయింది ఎవరు, అంతకుముందు ఫ్రీ చేసింది ఎవరు, మొదట కేటాయించింది ఎవరు. ముందు మధ్యదాన్ని చదవండి.

నా అంచనా ఇది. ఇన్ఫో స్ట్రక్చర్ బాక్స్‌డ్ టైప్, దానికి కాపీ, ఫ్రీ అని రెండు ఫంక్షన్లు ఉన్నాయి. కొత్త స్ట్రింగ్ ఫీల్డ్ పెడితే రెండింటిలోనూ దాని వరుస ఉండాలి. ఫ్రీలో జీ_ఫ్రీ పెట్టి, కాపీలో జీ_స్ట్రడప్ (స్ట్రింగ్‌కి వేరే నకలు చేసే ఫంక్షన్) లేకుండా పాయింటర్‌నే అటునుంచి ఇటు ఇస్తే ఒకే స్ట్రింగ్‌కి ఇద్దరు యజమానులు అవుతారు. కాపీ పోయినప్పుడు ఒకసారి, అసలుది పోయినప్పుడు మరోసారి ఫ్రీ. బ్యాకెండ్‌లో నింపేచోట కూడా చూడండి. పాప్లర్ (పీడీఎఫ్ చదివే లైబ్రరీ) నుంచి వచ్చిన స్ట్రింగ్ ఎవరిదో దాని డాక్యుమెంటేషన్‌లో రాసి ఉంటుంది: 'ట్రాన్స్‌ఫర్ ఫుల్' అయితే మీదే, నేరుగా పెట్టుకోవచ్చు. 'ట్రాన్స్‌ఫర్ నన్' అయితే స్ట్రడప్ తప్పదు.

టీక్యాష్ (విడుదలైన మెమరీని సీ లైబ్రరీ గ్లిబ్‌సీ మళ్లీ వాడేందుకు ఉంచుకునే చోటు) సందేశం అప్పుడప్పుడే రావడం కూడా మామూలే. రెండు ఫ్రీల మధ్యలో ఆ మెమరీని ఇంకెవరైనా మాలాక్ చేసి తీసుకుంటే గ్లిబ్‌సీ పట్టుకోలేదు. అప్పుడు రెండో ఫ్రీ వాళ్ల మెమరీని విడుదల చేసేస్తుంది, క్రాష్ సంబంధం లేని చోట వస్తుంది. మీకు ఈ సందేశం రావడమే మేలు.

వాల్‌గ్రైండ్‌తోనూ ఇదే దొరుకుతుంది, దానికి మళ్లీ కంపైల్ కూడా అక్కర్లేదు. కానీ జీటీకే అప్లికేషన్ దాని కింద ఎన్నో రెట్లు నెమ్మదిస్తుంది, మెనూ తెరుచుకోవడానికే ఎదురుచూడాలి. శానిటైజర్‌తో సుమారు 2 రెట్లే.

---

జవాబు 8: గోదారి_కోడర్

మధ్య స్టాక్ నేరుగా బాక్స్‌డ్ ఫ్రీ మీదే ఆగింది, కాపీ ఫంక్షన్‌లోని వరుసే కారణం. జీ_స్ట్రడప్ పెట్టాక శానిటైజర్ బిల్డ్‌లో ఏమీ రావడం లేదు. ఇంకొకటి అడుగుతాను. ఈ ప్యాచ్‌ను నాలాగే ఉబుంటు ప్యాకేజీ వాడే మరో ఇద్దరికి ఇవ్వాలి. వాళ్ల దగ్గర లైబ్రరీలు కలగలిసినా క్రాష్ కాకుండా రాయొచ్చా?

---

జవాబు 9: స్కీమా_శాస్త్రి

రాయొచ్చు. పబ్లిక్ హెడర్‌లో ఉన్న స్ట్రక్చర్‌ను ముట్టుకోకుండా ఉంటే చాలు. ఎస్ఓనేమ్ మార్చకుండా స్ట్రక్చర్ మారిస్తే ఆ లైబ్రరీ వాడే ప్రతి ప్రోగ్రామ్‌కీ మీరు చూసిన ప్రమాదమే.

బ్యాకెండ్‌లో స్ట్రింగ్‌ను డాక్యుమెంట్ ఆబ్జెక్ట్‌కే తగిలించండి:

జీ_ఆబ్జెక్ట్_సెట్_డేటా_ఫుల్ (జీ_ఆబ్జెక్ట్ (డాక్యుమెంట్), "నా-గమనిక", జీ_స్ట్రడప్ (విలువ), జీ_ఫ్రీ);

డైలాగ్‌లో జీ_ఆబ్జెక్ట్_గెట్_డేటాతో అదే పేరు అడగండి. పాత బ్యాకెండ్ లోడ్ అయితే నల్ వస్తుంది, వరుస ఖాళీగా ఉంటుంది, అంతకుమించి ఏమీ కాదు. డాక్యుమెంట్ పోయినప్పుడు స్ట్రింగ్ దానితోపాటే పోతుంది కాబట్టి కాపీ, ఫ్రీ ఫంక్షన్లు మార్చే పనే లేదు.

స్కీమా కీకి కూడా రక్షణ పెట్టొచ్చు. కీని చదివే ముందు జీసెట్టింగ్స్ ఆబ్జెక్ట్ నుంచి దాని 'సెట్టింగ్స్-స్కీమా' ప్రాపర్టీ తీసుకుని, జీ_సెట్టింగ్స్_స్కీమా_హ్యాజ్_కీ తో అడగండి. లేదంటే డిఫాల్ట్ విలువ వాడండి. జీ_సెట్టింగ్స్_బైండ్ పిలిచే చోట కూడా ఇదే తనిఖీ ఉండాలి. కీ లేకుండా బైండ్ చేసినా అదే ట్రాప్ వస్తుంది.